ఆవ పెట్టిన మాకరోనీ

పోయిన ఆదివారం పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఆవపిండి పట్టుకురమ్మంది. కొట్లో అమ్మే పొడి కాదట, నేను అప్పటికప్పుడు మిక్సీలో తిప్పినదే కావాలట. దేనికే అని అడిగితే మాకరోనీకి అంది. వెనకనుంచి మా అల్లుడి గొంతు "మాకరోనీలో ఆవపిండా?" అని బెంబేలుగా వినిపించింది. పాపం, అతనిది విజయవాడ. ఆవ పెట్టడమంటే పనసపొట్టుకో కందకో పెట్టాలి గానీ, చీజ్ వేసిన దాంట్లో ఏమిటీ అఘాయిత్యం అని అతని బాధ. "అదో పెద్ద కథ లా, నువ్వు ముందు గిన్నెలు తోము" అని సింగపూర్ యాసలో అతన్ని అణిచేసి మా అమ్మాయి ఫోన్ పెట్టేసింది. నేను చిన్న సీసాలో పిండి పోసి, మూత బిగించి, రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, మేముండే టాంపినీస్‌లో రైలెక్కాను. సెంబవాంగ్‌లో ఉన్న వాళ్ళ ఫ్లాట్‌కి చేరాలంటే మధ్యలో రైలు మారాలి, గంట పైనే ప్రయాణం. రెండు కవర్లు చుట్టినా పక్కసీటు ఆవిడ మూడుసార్లు ముక్కు తుడుచుకుంది. నేను నాకేమీ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. కాస్త దిగులు కూడా ఉంది, ఎందుకంటే అందులో ముఖ్యమైన ఘట్టాలన్నీ జరుగుతున్నప్పుడు నేను ఇంట్లో లేను, ఆఫీసులో ఉన్నాను.

కంప్యూటర్ పని వచ్చినవాళ్ళని దేశాలు పిలిచి పీట వేసిన రోజులవి. మా ఆయనా నేనూ ఇద్దరం ప్రోగ్రామర్లమే. అమ్మాయి ఏడాది పిల్లగా ఉన్నప్పుడు అమెరికాలో ఒహాయోకి వెళ్ళి, ఐదేళ్ళు ఉన్నాం. మేమిద్దరం ఆఫీసుకి పోతే పిల్లని చూసుకున్నది పక్కింటి అమెరికన్ ముసలావిడ. అమ్మాయి ఆవిడని గ్రానీ అనేది. గ్రానీ దృష్టిలో డబ్బా తెరిచి వేడి చేసేది వంటే కాదు. టమాటా సూప్ అంటే టమాటాలు ఉడకబెట్టి వడకట్టాల్సిందే. మొక్కజొన్న పిండితో రొట్టె కాల్చేది, బంగాళాదుంపలు వెన్న వేసి మెత్తగా మెదిపేది, ఆపిల్ ముక్కల మీద పిండి పరిచి ఓవెన్‌లో పెట్టేది. అన్నిటికీ పైన చీజ్ మాకరోనీ, వారానికి రెండుసార్లు. మేము మాంసం తినమని మొదటిరోజే చెబితే, అయితే చీజ్ ఇంకాస్త ఎక్కువ వేస్తానంది. సాయంత్రం నేను వెళ్ళేసరికి పిల్ల పొట్ట నిండి, మూతికి వెన్న అంటుకుని, ఆవిడ ఒళ్ళో ఉండేది. ఇంటికొచ్చి నేను కలిపిన పప్పన్నం రెండు ముద్దలు తిని చాలనేది. ఆవిడంటే నాకు కృతజ్ఞత ఉండేది. అసూయ కూడా ఉండేది, దాచుకోవడం దేనికి. నా కూతురి ఆకలి మరొకావిడ చేతికి అలవాటు పడటం నాకు నచ్చేది కాదు. అందుకే ఐదేళ్ళలో ఒక్కసారైనా ఆ మాకరోనీ ఎలా చేస్తారని అడగలేదు.

తర్వాత సింగపూర్ నుంచి పిలుపొచ్చింది. ఇద్దరికీ మంచి ఉద్యోగాలు, ఇంటికి దగ్గర, నాలుగు గంటలు ఎగిరితే చెన్నై. మేము ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. ఆరేళ్ళ పిల్లని ఎవరూ అడగలేదు, పిల్లల్ని అడగాలని మాకు తోచనూ లేదు. టాంపినీస్‌లో తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాం. కింద రైలు స్టేషన్‌కి ఫీడర్ బస్సు, పక్కనే బడి, ఎదురు బ్లాకులో ముగ్గురు తెలుగువాళ్ళు. అన్నీ అమరాయని మేము సంబరపడుతుంటే, అమ్మాయి మాట్లాడటం మానేసింది. ఏడుపూ లేదు, అల్లరీ లేదు. మాట మాత్రం లేదు. అడిగినదానికి తల ఊపేది, లేకపోతే అడ్డంగా ఆడించేది. తిండి కూడా అంతే. రకరకాల తిండికొట్లుండే హాకర్ సెంటర్‌కి తీసుకెళితే ముక్కు మూసుకునేది, ఇంట్లో అయితే నాలుగు చెంచాల పెరుగన్నం తిని లేచిపోయేది. క్లాస్ టీచర్ మంచి మనిషి, ఒకరోజు నన్ను పిలిపించి నెమ్మదిగా చెప్పింది. బడిలో చేరి రెండు నెలలైనా మీ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు, టర్ము అయ్యేలోగా మారకపోతే డాక్టర్‌కి చూపించాలి అంది. ఆ మధ్యాహ్నం ఆఫీసులో నా రాజీనామా ఉత్తరం టైపు చేసి కంప్యూటర్లోనే దాచుకున్నాను. నాకు నా పనంటే చాలా ఇష్టం, బాగా చేసేదాన్ని కూడా. అయినా ఆ గొంతు తిరిగి రాకపోతే మానేద్దామనే నిశ్చయించుకున్నాను.

అంతకు ముందు నా ప్రయత్నం నేను చేయకపోలేదు. సూపర్ మార్కెట్లో అట్టపెట్టె మాకరోనీ తెచ్చి, పొట్లంలోని పసుప్పచ్చ పొడి కలిపి, గొప్పగా ముందు పెట్టాను. అమ్మాయి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళెత్తి నావైపు చూసి, పళ్ళెం అవతలికి తోసింది. ఒహాయోకి ఫోన్ చేసి గ్రానీని అడిగితే రెండు నిమిషాల పని అని మా ఆయన చెప్పాడు. నేను చెయ్యనన్నాను. నా కూతురికి అన్నం పెట్టడమెలాగని ఇంకో ఆడదాన్ని అడగాలా అని రోషం. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు ఒప్పుకోలేదు.

అలాంటి సమయంలో మా పెద్దమ్మ దిగింది. మా అమ్మకి అక్క, అమలాపురం మనిషి. మూడు నెలల విజిట్ పాస్ మీద, పిల్లని చూసుకోవడానికి రమ్మంటే ఒక పెట్టెలో తన గిన్నెలు సర్దుకుని వచ్చింది. వేరేవాళ్ళ గిన్నెల్లో తన చెయ్యి ఆడదంది. వాటిలో ఒక పెద్ద స్టీలు మూత ఉండేది, పళ్ళెమంత వెడల్పు. దాన్ని రోజూ తళతళలాడేలా తోమి, గోడ పలకల మీద నూనె చిందకుండా పొయ్యి వెనక నిలబెట్టేది. ఆవిడకి ఒక పట్టింపు ఉంది, వంట చేస్తూ రుచి చూడదు. దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఎంగిలని చిన్నప్పుడు వాళ్ళ అమ్మ నేర్పిందట. ఉప్పు చాలిందో లేదో ఉడికే వాసన పట్టి చెప్పేది, పులుసు ఎంతవరకూ వచ్చిందో బుడగల చప్పుడు విని చెప్పేది. నలభై ఏళ్ళలో రెండుసార్లే ఉప్పు తప్పిందని, ఆ రెండుసార్లూ తనకి జలుబని గర్వంగా చెప్పుకునేది.

విషయమంతా విని పెద్దమ్మ ఆలోచించలేదు, తటపటాయించలేదు. "పిల్ల బెంగ పెట్టుకున్న తిండి అదైతే అదే వండుదాం. ఏవుంది అందులో, గోధవ పిండీ పాలూ వెన్నే కదా. మనకి రానిదేవుందే?" అంది. నేను టాంపినీస్ లైబ్రరీ నుంచి అమెరికన్ ఇంటివంటల పుస్తకం తెచ్చి, సాయంత్రాలు తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని, హరికథ విన్నట్టు వినేది. మొదటి శనివారం అందరం వంటింట్లో చేరి మొదలుపెట్టాం. ఆ రోజు తయారైంది మాకరోనీ కాదు, గోడకి సినిమా పోస్టర్లు అంటించే మైదా బంక. గరిట ఎత్తితే గిన్నె కూడా లేచింది. పుస్తకంలో రెండు కప్పుల పాలు అని ఉంది కదా అని, రైస్ కుక్కర్‌తో పాటు వచ్చిన బియ్యం కప్పుతో కొలిచి పోశాం. మా ఇంట్లో కప్పంటే అదొక్కటే. మా ఆయన పాల డబ్బా మీది అంకెలు చూసి, లెక్కవేసి, అమెరికా కప్పులో మన బియ్యం కప్పు ముప్పావే అవుతుందని తేల్చాడు. ఇద్దరు ప్రోగ్రామర్లు ఉన్న ఇంట్లో కొలత తప్పడం మాకు సిగ్గుగా అనిపించింది. పెద్దమ్మకి మాత్రం ఏ సిగ్గూ లేదు. ఆ బంకని తీసుకెళ్ళి వాకిట్లో చిరిగిన క్యాలెండర్ అతికించింది.

కప్పు సరిదిద్దుకున్నాక తెల్ల సాస్ కుదిరింది. నిజానికి అందులో పెద్దమ్మకి కొత్తేమీ లేదు. వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించాలి, రంగు మారనివ్వకూడదు. వేడి పాలు కొంచెం కొంచెం పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. పొయ్యి కట్టేశాకే తురిమిన చీజ్ వెయ్యాలి, లేకపోతే పాలు విరిగినట్టు విరుగుతుంది. ఇవాళ ఎవరడిగినా నేను ధీమాగా చెప్పేది ఈ మూడు ముక్కలే. ఇవి వస్తే అట్టపెట్టె జోలికి పోనక్కర్లేదు. అసలు చిక్కు చీజ్ దగ్గర వచ్చింది. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా పెద్దమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఇది దేవుడికి పెట్టొచ్చా అని ఒక పూటంతా తనలో తానే తర్కించుకుని, కృష్ణుడికి పాలూ వెన్నా ఇష్టమే కాబట్టి ఇదీ ఇష్టమే అయ్యుంటుందని తీర్మానించింది. దేవుడి సంగతి తేలింది గానీ, తన సంగతి తేలలేదు. నైవేద్యం అయ్యాక కూడా తను మాత్రం ముట్టనంది. అంటే వండే మనిషి వండకముందూ తినలేదు, వండాక కూడా తినదు. ఆ రుచి తెలిసినది ఇంట్లో ఒక్కరే, ఆ ఒక్కరూ మాట్లాడరు.

అక్కడే పెద్దమ్మ పంతం మొదలైంది. అమ్మాయి బడి నుంచి వచ్చి స్నానం చేశాక, వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టేది. తను పొయ్యి వైపు తిరిగి, వీపు పిల్ల వైపు పెట్టి, చెంచా వెనక్కి చాచేది. పిల్ల రుచి చూసి తల అడ్డంగా ఆడించేది. "ఏమో తల్లీ, నువ్వు తలాడించావో లేదో నాకేం తెలుస్తుంది? నాకు వీపుకి కళ్ళు లేవు. నోటితో చెప్పు" అనేది. పిల్ల చెప్పేది కాదు. పెద్దమ్మ తిరిగేది కాదు. చెంచా అలాగే చాచి ఉంచి, చెయ్యి నొప్పి పుట్టేదాకా నిలబడేది. నాలుగు రోజులు ఇలా జరిగిందట. సాయంత్రం నేను రాగానే పెద్దమ్మ ఆ రోజు సంగతి వార్తల్లా చదివేది. అయిదో రోజు వార్తల్లో, "నో అందే!" అని చెప్పింది. ఆ ఒక్క మాటకి నేను చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే కూలబడి ఏడ్చాను.

ఆ నో తర్వాత ఇంకో రెండు మాటలు, ఆ తర్వాత ఇంకో నాలుగు మాటలు వచ్చాయి. గ్రానీది ఇంత తియ్యగా ఉండదని ఒకరోజు చెప్పింది. పాలపొడి వెయ్యడం మానేశాం. గ్రానీది పైన క్రంచీగా ఉంటుందని ఇంకోరోజు చెప్పింది. పెద్దమ్మ టీ రస్కులు దంచి చల్లింది. అది కాదు, ఉప్పగా ఉండాలంది. ఉప్పు బిస్కెట్లు నలిపి, వెన్నలో కలిపి, పైన పరిచి, చిన్న టేబుల్ ఓవెన్‌లో పెట్టింది. మధ్యలో టమాటా సూప్ కుదిరింది, బంగాళాదుంపల ముద్ద కుదిరింది. మొక్కజొన్న రొట్టెకి గుడ్డు కావాలంటే పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి వెళ్ళి నిలబడి, మా ఆయన చేత కొట్టించింది. పిల్ల తిండి కొంచెం పెరిగింది. కానీ మాటలు వంటింటి గడప దాటలేదు. బడిలో మళ్ళీ మౌనమే. టర్ము రెండు వారాల్లో అయిపోతుంది, పెద్దమ్మ పాస్ కూడా దాదాపు అప్పుడే అయిపోతుంది. మాకరోనీ మాత్రం ఎన్నిసార్లు చేసినా, చివరికి పిల్ల అదే మాట అనేది. ఏదో లేదని. ఏమిటో చెప్పమంటే తెలియదనేది. ఆ రాజీనామా ఉత్తరాన్ని నేను రోజూ ఒకసారి తెరిచి చూసి మూసేదాన్ని.

ఒక గురువారం మధ్యాహ్నం ఆఫీసులో నా బల్ల మీద ఫోన్ మోగింది. పెద్దమ్మ. ఆవిడ అంతకు ముందెప్పుడూ ఆఫీసుకి చెయ్యలేదు. "దొరికిందే!" అంది. ఏం జరిగిందో తర్వాత ఇద్దరూ వంతులవారీగా చెప్పారు. ఆ రోజు ఏదో లేదని పిల్ల మళ్ళీ అనగానే, పెద్దమ్మ విసుక్కోకుండా, అది ఎక్కడ లేదో చెప్పు, నాలిక మీదా, గొంతులోనా, అని అడిగిందట. పిల్ల చాలాసేపు ఆలోచించి, "నాలిక మీద కాదు అమ్మమ్మా. ఇక్కడ. తినగానే ఇక్కడ టికిల్ అవ్వాలి. కొంచెమే. వెంటనే పోవాలి" అని ముక్కు దూలం మీద వేలు పెట్టుకుందట. అప్పుడు పెద్దమ్మ "ఓసి నీ దుంపతెగ! అది ఆవ కదే!" అని అరిచిందట. అమలాపురం మనిషికి ముక్కు దూలం చూపించాక ఇంక చెప్పేదేముంది. చిటికెడు ఆవాలు నూరి, పొయ్యి కట్టేశాక సాస్‌లో కలిపి, ఓవెన్‌లో పెట్టి తీసి, చల్లారకముందే చెంచా వెనక్కి చాచింది. ఆ తర్వాతే నాకు ఫోన్ చేసింది. "ఏవందో తెలుసా? ఇదే అమ్మమ్మా, ఇదే, అంది. గట్టిగా అందే!" అని పెద్దమ్మ చెబుతుంటే, వెనకనుంచి ఆ గొంతు వినిపించింది. ఇన్ని నెలల తర్వాత, గలగలా, ఆగకుండా. ఎవరితో మాట్లాడుతోందని అడిగాను. "మాకరోనీతో" అంది పెద్దమ్మ.

ఆ రాత్రి భోజనాల వేళకి ఒహాయోలో తెల్లారుతుంది, గ్రానీ పెందలాడే లేస్తుందని నాకు తెలుసు. నా రోషం అంతా మింగి నేనే ఫోన్ చేశాను. మీ మాకరోనీలో ఆవపిండి వేస్తారా అని అడిగాను. "అర చెంచా. మా అమ్మ వేసేది. నేను ఎవ్వరికీ చెప్పలేదే, నీకెవరు చెప్పారు?" అంది. మా పెద్దమ్మ కనిపెట్టిందన్నాను. ఆవిడకి మాకరోనీ అంటే అంత ఇష్టమా అంది. ఒక్కసారి కూడా రుచి చూడలేదంటే నమ్మలేదు. అంతలో అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "గ్రానీ, అమ్మమ్మ అస్సలు టేస్ట్ చెయ్యదు. నేనే చెప్పాలి. నేను చెప్పకపోతే అసలు అవ్వదు" అని ఇంగ్లీషులో ఆవిడకి వివరించి వివరించి చెప్పింది. గోడకి చేరబడి వింటూ నాకు ఒక సంగతి తెలిసింది. పిల్లకి కావలసింది మాకరోనీ ఒక్కటే కాదు. ఖండాలు దాటించి తెచ్చిన ఆ పిల్లని, ఇది సరిగ్గా ఉందా లేదా చెప్పు అని అంతవరకు మేమెవరం అడగలేదు. గ్రానీ మీద అసూయ ఆ పూటే పోయింది. నా మీద కోపం పోవడానికి మాత్రం ఇంకొన్నాళ్ళు పట్టింది.

మరుసటి వారం క్లాస్ టీచర్ ఫోన్ చేసి, మీ అమ్మాయి నిన్న లేచి నిలబడి క్లాసంతటికీ వంట ఎలా చెయ్యాలో చెప్పింది, ఇప్పుడు కూర్చోమన్నా కూర్చోవడం లేదు అంది. ఉత్తరం తుడిచేశాను. తర్వాత ఇరవై రెండేళ్ళు అదే ఉద్యోగం చేసి, తలెత్తుకుని రిటైరయ్యాను. పెద్దమ్మ పాస్ అయిపోయిన రోజు, విమానాశ్రయానికి బయల్దేరుతూ ఆ స్టీలు మూతని ఇక్కడే వదిలేసింది. పెట్టెలో పట్టలేదని చెప్పింది. మళ్ళీ రెండుసార్లు వచ్చి వెళ్ళింది, రెండుసార్లూ దాన్ని తీసుకెళ్ళలేదు. ఇప్పుడు పెద్దమ్మ లేదు, గ్రానీ లేదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అమ్మాయి తన ఫ్లాట్ గృహప్రవేశానికి కొత్త గిన్నెలేవీ వద్దని, ఆ మూత ఒక్కటే అడిగి పట్టుకుపోయింది.

ఆ ఆదివారం సెంబవాంగ్‌కి నేను వెళ్ళేసరికి అల్లుడు గిన్నెలు తోమడం అయిపోయి హాల్లో దాక్కున్నాడు. వంటింట్లో అమ్మాయి పొయ్యి ముందు నిలబడి ఉంది. నేను తెచ్చిన ఆవపిండి చిటికెడు వేసి, కలిపి, నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోమని, వెనక్కి తిరక్కుండానే చెంచా నావైపు చాచింది. నేను రుచి చూసి, బావుందని తల ఊపాను. "నోటితో చెప్పమ్మా. నాకు వీపుకి కళ్ళు లేవు" అంది, అచ్చం పెద్దమ్మ గొంతుతో. నవ్వుతూ తలెత్తాను. పొయ్యి వెనక గోడకి ఆనించిన స్టీలు మూతలో నా మొహం కనిపించింది. దాని పక్కనే, నన్నే చూస్తూ, మా అమ్మాయి కళ్ళు కనిపించాయి.

"నీకు నేను కనిపిస్తున్నానా?" అన్నాను.

"అమ్మమ్మకి కూడా నేను కనిపించేదాన్నమ్మా. మొదటిరోజు నుంచీ. నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మమ్మకీ తెలుసు" అంది, ఇంకా నావైపు తిరగకుండానే.

ఆ మూడు నెలల మధ్యాహ్నాలు ఆఫీసులో కూర్చుని పోగొట్టుకున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చెంచా ఇంకా నావైపే చాచి ఉంది, అమ్మాయి చెయ్యి దించలేదు. "కొంచెం ఉప్పు తక్కువైంది" అని నోటితో చెప్పాను. కాలం ఎంత ఆలస్యం చేసినా, ఆ పీట మీద కూర్చునే వంతు చివరికి నాకూ వచ్చింది.